సొన్నమ్మ విప్పిన కుట్లు

కాటన్‌పేట మెయిన్ రోడ్డు నుంచి లోపలికి పోతే మూడో సందు. ఆ సందులో మేడమెట్ల కింద పాత తొక్కుడు మిషను ఒకటి ఉండేది. దాని ముందర సొన్నమ్మ. మే నెల ఆఖరు వచ్చిందంటే చాలు, ఆ మెట్ల దగ్గర పిల్లలు బారులు తీరి నిలబడేవాళ్ళు. ఒక్కొక్కరి చంకలో యూనిఫారం గుడ్డ.

"చేతులెత్తు. ఊపిరి బిగబట్టొద్దు. అవ్వకాడ అబద్ధం చెల్లుతుందేమో గానీ టేపుకాడ చెల్లదు," అనేది ప్రతి పిల్లతోనూ. పిల్లలు కితకితలకు నవ్వుతూ మెలికలు తిరిగేవాళ్ళు. ఆమె ఆ నవ్వుల మధ్యనే నడుము, పొడుగు, భుజం కొలిచి, అంకెలు నోటుబుక్కులో వేసేది.

రెండో తరగతితో బడి మానేసిన మనిషి. అంకెలు వచ్చినంత చురుగ్గా అక్షరాలు రావు. అందుకని ఒక్కో పిల్లకు ఒక్కో పేజీ, పేజీ పైన పేరుకు బదులు ఒక బొమ్మ. పూలమ్మే పిల్లమ్మ మనవడికి మల్లెమొగ్గ. మెకానిక్ కొడుక్కి చక్రం. సొంత మనవరాలు అర్పితకు పిచ్చుక.

ముప్పై ఏళ్ళ పనిలో సొన్నమ్మ తప్పని నియమం ఒకటుంది. స్కర్టుకైనా నిక్కరుకైనా కింది అంచులో మూడు వేళ్ళ గుడ్డ లోపలికి మడిచి కుట్టేది. నడుము పక్కన మాత్రం ఒకే ఒక్క వేలు వదిలేది. "పిల్లోళ్ళు చెరుకు గడల మాదిరి. పొడుగుకు పెరుగుతారు గానీ అడ్డానికి ఏం పెరుగుతారు?" అనేది. ఏడాది నడమ తల్లులు తెచ్చిస్తే ఒక వేలు మడత విప్పి దించేది. ఒక గుడ్డ రెండేళ్ళు వచ్చేది, అదృష్టముంటే తమ్ముడికి కూడా.

పిచ్చుక బొమ్మ ఊరికే వేయలేదు. అర్పిత ఏడున్నర నెలలకే పుట్టిన పిల్ల. మూడేళ్ళు వచ్చినా ఈనెపుల్లకు గౌను తొడిగినట్టే ఉండేది. ఎదురింటి అరుగు మీద పూలు కడుతూ పిల్లమ్మ ఊరుకునేదా?

"ఏమే సొన్నా, లోకానికంతా కొలతలు తీస్తావు, నీ మనవరాలి దగ్గర కొలిచేదానికే ఏం లేదు గదే!"

"నీ నోరు పడ! నాలుగేండ్లు ఆగు, నీ టేపు చాలదంటావు," అని సొన్నమ్మ దబాయించేది గానీ, ఆ మాట ముల్లులా లోపల గుచ్చుకునే ఉండేది.

ఇంకో ముల్లు దానికన్నా పాతది. ఆమె భర్త చిక్కమునియప్ప మార్కెట్లో మూటలు మోసినవాడు. చక్కెర జబ్బు వచ్చి ముందు కాలి వేలు పోయింది, తర్వాత పాదం. ఎనిమిదేళ్ళు సొన్నమ్మ ఆయన నోటికి చక్కెర తగలనీయలేదు. చక్కెర డబ్బాకు తాళం వేసింది, పండగకు చేసిన తీపి ఓళిగలు పక్కింటికి పంపింది. తొంభై తొమ్మిదిలో, పోయే ముందు వారం, ఆయన మైసూరు పాకు ముక్క అడిగాడు. గోరంత చాలన్నాడు. "డాక్టరు వద్దన్నాడు" అని ఆమె మొహం తిప్పుకుంది. ఆ ముక్క తినకుండానే ఆయన పోయాడు. దినకర్మ నాడు ఆకులో పెట్టిన మైసూరు పాకును చూసి సొన్నమ్మ లోపలే ఒట్టు పెట్టుకుంది, ఈ ఇంట్లో ఇంకెవరికీ తీపి లేదనను అని.

ఆ ఒట్టు ఎట్లాంటిదో ఆరేళ్ళకు గానీ తెలియలేదు.

కొడుకు గురుమూర్తికి రెండువేల రెండులో ఒక పాకెట్ తిండ్ల ఏజెన్సీ గోడౌనులో పని దొరికింది. లారీలో నలిగిపోయిన డబ్బాలు అంగళ్ళు తీసుకోవు. వాటిని పనివాళ్ళకే పంచేవాళ్ళు. అట్లా ఆ ఇంట్లోకి మూల నొక్కుకుపోయిన అట్టడబ్బాలు వచ్చాయి. డబ్బా మీద పరిగెత్తే పిల్లాడి బొమ్మ, లోపల పాలల్లో వేసుకుని తినే నల్లటి చాక్లెట్ గుండ్లు.

మొదటి రోజు సొన్నమ్మ నాలుగు గుండ్లు అరచేతిలో పోసుకుని అటూ ఇటూ దొర్లించి చూసింది. "ఇదేమప్పా, మేక పెంటికలు తెచ్చినావు?"

"అట్లనొద్దమ్మా. జయనగరం బంగళాల్లో పిల్లలు తినేది ఇదే. నేను సద్ది తాగి బడికి పోయినాను. నా బిడ్డన్నా ఇది తినిపోనీ," అన్నాడు గురుమూర్తి. అంటూంటే వాడి మొహంలో వచ్చిన వెలుగు చూసి ఆమె గుండ్లు మళ్ళీ డబ్బాలో పోసింది.

అర్పిత డబ్బా ముందు పక్క ఉన్న పెద్ద అక్షరాలు గట్టిగా చదివి వినిపించింది. "విటమిన్లు అంట అవ్వా. ఐరన్ అంట. స్ట్రాంగ్ అవుతారంట."

"ఇనుము కూడా ఉండాదా! ఇంకేం కావాలే."

పొద్దున పూట ఆ ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడే తీరిక ఎవరికీ లేదు. కోడలు అనిత మైసూరు రోడ్డులోని గార్మెంట్స్ ఫ్యాక్టరీకి ఆరున్నరకే పోవాలి. అనిత సొన్నమ్మ తమ్ముడి కూతురే, హిందూపురం పక్క పిల్ల. ఫ్యాక్టరీలో చెకింగ్ టేబులు దగ్గర పని. కుట్టిన షర్టులు తిరగేసి, ఎక్కడ కుట్టు తప్పిందో, ఎక్కడ దారం వేలాడుతుందో పట్టుకోవడం. ఆ డబ్బాలు రాకముందు పిల్లకు రాగి అంబలో, ఉప్పిట్టో పెట్టాలంటే అత్తాకోడళ్ళు ఇద్దరూ కుస్తీ పట్టేవాళ్ళు. ఇప్పుడు గిన్నెలో గుండ్లు పోసి పాలు వంచితే అయిపోయె. పిల్ల మారుమాటాడకుండా తినేది. ఇంకో గిన్నె అడిగేది. మూడోది కూడా. పాలు చప్పగా ఉన్నాయంటే సొన్నమ్మ డబ్బా మూత తీసి, గిన్నెకొక చెంచా చక్కెర తన చేత్తో వేసేది. బడి నుంచి వచ్చాక ఆకలంటే మళ్ళీ అదే.

పిల్లకు బుగ్గలొచ్చాయి. మణికట్టు దగ్గర గీత పడింది. సందంతా మెచ్చుకుంది. పిల్లమ్మ స్వయంగా ఉప్పు మిరపకాయలు తెచ్చి దిష్టి తీసి, "ఎంత చెన్నాగ అయిందే పాప!" అంది. సొన్నమ్మ గుండె నిండింది. పిచ్చుక పేజీలో నడుము అంకె పెరుగుతుంటే, పక్కన చిన్న గీతలతో రెక్కలు గీసి మురిసిపోయింది.

రెండువేల నాలుగు జూన్లో అర్పిత ఐదో తరగతికి వచ్చింది. నీలం స్కర్టులు రెండు కుట్టింది సొన్నమ్మ. కింద మూడు వేళ్ళు, పక్కన ఒక వేలు, ఎప్పటిలాగే.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, బడి నుంచి వచ్చిన పిల్ల బ్యాగు కూడా దించకుండా మిషను వెనక్కి వచ్చి చెవిలో గుసగుసలాడింది.

"అవ్వా, హుక్ పట్టల్యా. పిన్నీసు పెట్టుకోని పోయినాను. డ్రిల్లులో ఊడిపోయె. అందరూ డుమ్మీ డుమ్మీ, లావుపిల్లా అని నవ్వినారు."

"ఏ గాడిద అనింది? పేరు చెప్పు. దాని స్కర్టు నేనే కదా కుట్టింది, ముందు పక్కను వెనక్కి కుట్టేస్తా."

పిల్ల నవ్వలేదు. కళ్ళల్లో నీళ్ళు నిలిచాయి. "అమ్మకు చెప్పొద్దవ్వా. అమ్మ తిండి తగ్గిస్తుంది."

సొన్నమ్మ బ్లేడు తీసింది. పక్క కుట్టు విప్పి, లోపల వదిలిన వేలెడు గుడ్డను బయటికి తీసి మళ్ళీ కుట్టింది. పాత కుట్టు గీత తెలియకుండా తడిగుడ్డ వేసి ఇస్త్రీ రుద్దింది. రెండో స్కర్టుకూ అంతే. గంట పని. పిల్ల తొడుక్కుని చుట్టూ తిరిగి చూపిస్తే, ఆ సంతోషం చూసి ఇద్దరి మనసూ తేలికయింది. అంకె మాత్రం నోటుబుక్కులో వేయలేదు. ఎందుకు వేయలేదంటే, ఏమో, చెయ్యి రాలేదు.

దీపావళి దాటాక హుక్కు మళ్ళీ పట్టలేదు. ఈసారి నడుము పట్టీ విప్పి, కుచ్చులు ఒక్కొక్కటీ కొంచెం సన్నం చేసింది. సంక్రాంతి దాటగానే మూడోసారి. ఇక లోపల విప్పడానికి గుడ్డ మిగల్లేదు. పాత కత్తిరింపుల మూటలో అదే నీలం రంగు వెతికి, రెండు పక్కలా అంగుళం వెడల్పు పట్టీ అతికింది. కుచ్చుల మడతలో పట్టీ దాగిపోయింది. పనితనం అట్లాంటిది. బయట నిలబడి చూస్తే ఏ దర్జీకీ దొరకదు.

ఆమెకు భయం మాత్రం ఆ పట్టీ దగ్గరే పట్టుకుంది. ముప్పై ఏళ్ళలో ఎంతమంది పిల్లలకు మడత దించింది! ఏ పిల్లకూ ఒక్క ఏడాదిలో మూడుసార్లు నడుము విప్పలేదు. పైగా కింది మూడు వేళ్ళ మడత వేసింది వేసినట్టే ఉంది, దారం కూడా కదల్లేదు. పొడుగెక్కాల్సిన పిల్ల పక్కలకు పోతుందేమిటి? అడగాలంటే ఎవరినడగాలి? అనితను అడిగితే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటుంది. సొన్నమ్మ ఊరుకుంది. ఊరుకున్న కొద్దీ చెప్పడం కష్టమైంది.

ఇంతలో మెడ నల్లబడడం మొదలైంది. ఆదివారం తలంటు పోస్తుంటే పిల్ల మెడ వెనక నల్లటి చార కనిపించింది. మట్టి అనుకుంది. సున్నిపిండితో రుద్దింది, పోలేదు. మరుసటి వారం కొబ్బరిపీచు తెచ్చింది.

"నొప్పి అవ్వా! వదులవ్వా!"

"కదలొద్దు. మెడ నిండా మసి పెట్టుకుంటే బళ్ళో ఏమంటారు? ఆ అవ్వకు పిల్లను కడగడం కూడా రాదంటారు."

పిల్లమ్మ గడపలోకి తొంగి చూసి, "నిమ్మచెక్క పెట్టవే," అని సలహా పారేసి పోయింది. నిమ్మచెక్క కూడా పెట్టింది. చర్మం ఎర్రగా కమిలి, మర్నాటికి మళ్ళీ నల్లగానే తేలింది. తాకితే మఖమలు గుడ్డలా మెత్తగా, మందంగా ఉంది. ముప్పై ఏళ్ళు గుడ్డలు తడిమిన వేళ్ళకు అది మురికి కాదని తెలిసింది. మరేమిటో తెలియలేదు.

ఫిబ్రవరిలో బడి ఆటల పోటీలు. మైదానం ఒక్క చుట్టు తిరగకముందే అర్పిత ఆయాసంతో కూలబడింది. టీచరు డైరీలో రాసి పంపింది: తల్లి డాక్టరుకు చూపించాలి. అనిత సగం రోజు సెలవు పెట్టింది. సొన్నమ్మ కూడా బయలుదేరింది. టేపు అలవాటుగా మెడలోనే ఉండిపోతే, క్లినిక్ మెట్ల దగ్గర చూసుకుని కొంగులో దోపుకుంది.

డాక్టరమ్మ పెద్ద వయసు మనిషి. పిల్లను తూకం మీద నిలబెట్టింది, ఎత్తు, నడుము కొలిచింది, మెడ వంచి చూసింది. చూసి, కమిలిన చోట వేలు పెట్టి కన్నడంలో అడిగింది.

"దీన్ని రుద్దింది ఎవరు?"

సొన్నమ్మ కోడలి వైపు చూసింది. అనితే అంది, "మురికి అనుకొని మా అత్త రుద్దినాది డాక్టర్."

"మురికి కాదమ్మా. ఒంట్లో చక్కెర లెక్క తప్పుతుందని చర్మం ముందుగా చెప్పే మాట ఇది. ఇంకెప్పుడూ రుద్దకండి. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా?"

"మా మామకు ఉండె. కాలు తీసేసినారు," అంది అనిత. తర్వాత తనే బెదిరిపోయి పిల్లను దగ్గరికి లాక్కుంది.

 సొన్నమ్మ కళ్ళు కిందికి పోయాయి. బల్ల కింద పిల్ల కాళ్ళు ఊగుతున్నాయి, తెల్ల సాక్సు, నల్ల బూట్లు. ఆమెకు మాత్రం ఆసుపత్రి మంచం మీద చిక్కమునియప్ప కాలు, పాదం లేని చోట చుట్టిన కట్టు కనబడ్డాయి.

డాక్టరమ్మ అడిగింది. "లావు కావడం ఎప్పటి నుంచి? మెల్లగా వచ్చిందా, ఈ మధ్య గబగబా వచ్చిందా?"

"లేదు డాక్టర్, గబగబా ఏం రాలేదు. చిన్నప్పటి నుంచే కొంచెం బొద్దు. చూడండి, జూన్లో కుట్టిన స్కర్టే ఇప్పటికీ సరిగ్గా సరిపోతా ఉండాది," అంది అనిత. అబద్ధం కాదు, ఆమెకు తెలిసిన నిజం అదే.

డాక్టరమ్మ కాగితం మీద అదే రాసుకుంది. కలం కదిలిన చప్పుడు సొన్నమ్మకు బ్లేడుతో కుట్టు కోసినట్టు వినిపించింది. నోరు తెరిచింది. తెరిచిన నోటితో, "నీళ్ళున్నాయా?" అని మాత్రం అడిగింది.

మర్నాడు పరగడుపున రక్తం తీశారు. ఫలితం ఆ మర్నాడు. ఆ రెండు రోజులూ సొన్నమ్మ మిషను తొక్కలేదు. పిల్ల బడికి పోయిన మధ్యాహ్నం, ఉతికి ఆరేసిన స్కర్టును తీగ మీది నుంచి తీసి లోపలి పక్క తిరగేసింది. బయట ఎంత శుభ్రమో లోపల అంత గలీజు. విప్పిన ప్రతి కుట్టూ సూది రంధ్రాల వరుసను వదిలిపోయింది. జూన్ వరుస, ఆగస్టు వరుస, దీపావళి వరుస, ఆ తర్వాత పట్టీ. గోడ మీద పిల్లల ఎత్తు గీతలు గీస్తారు చూడండి, అట్లా ఉంది. ఆమె ఒక్కో వరుస మీద వేలు పెట్టుకుంటూ పోయింది.

ఆమెకు అప్పుడు తట్టింది. టేపు దగ్గర అబద్ధం చెల్లదని ఊరందరికీ చెప్పిన మనిషి, టేపునే పక్కన పెట్టేసి అబద్ధమాడింది. మొగుడికి లేదన్న తీపిని ఈ పిల్లకు చెంచాలు చెంచాలుగా పెట్టింది. ఇప్పుడు చెబితే కోడలు ఏమంటుందో. చెప్పకపోతే డాక్టరమ్మ కాగితం మీద తప్పు మాట ఉండిపోతుంది, పిల్లకు ఆ తప్పు మాట మీదే వైద్యం జరుగుతుంది.

సాయంత్రం క్లినిక్‌కు పోయేటప్పుడు ఆ స్కర్టును మడిచి గుడ్డ సంచిలో పెట్టుకుంది.

"నూట పద్నాలుగు," అంది డాక్టరమ్మ కాగితం చూస్తూ. "భయపడకండి. ఇది ఇంకా జబ్బు కాదు. జబ్బు గడప దాకా వచ్చి నిలబడింది. లోపలికి రానీయకుండా పంపొచ్చు. మెల్లగా వచ్చిన ఒళ్ళే అంటున్నారు కాబట్టి తిండి జాగ్రత్త చెప్తాను, ఆరు నెలల తర్వాత వచ్చి..."

"మెల్లగా కాదమ్మా," అంది సొన్నమ్మ.

సంచిలోంచి స్కర్టు తీసి డాక్టరమ్మ బల్ల మీదనే తిరగేసి పరిచింది. ఒక్కో వరుస మీద వేలు పెట్టి చూపించింది.

"ఇది జూన్లో వేసిన కుట్టు. ఇది ఆగస్టు. ఇది దీపావళి అయినాక. ఇది సంక్రాంతి అయినాక నేను అతికిన పట్టీ. ఎనిమిది నెలల్లో అయిదంగుళాలు తక్కువ పావు. నా కోడలికి తెలీదు. నేనే చెప్పల్యా. పిల్ల ఏడుస్తుందని విప్పుతా పోయినాను."

 డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుని సూది రంధ్రాల వరుసలను వంగి చూసింది. పాత కాగితం మీది మాట కొట్టేసి కొత్తగా రాసింది. "ఆరు నెలలు కాదు. నెల నెలా రావాలి. ఇది చెప్పకపోయి ఉంటే నేను తేలిగ్గా తీసుకునేదాన్ని. పొద్దున ఏం తింటుంది పాప?"

జవాబు పాపే చెప్పింది, గొప్పగా. "చాకొ బాల్స్! మూడు గిన్నెలు. అవ్వ షుగర్ కూడా వేస్తుంది."

"డబ్బా మీద విటమిన్లు అని రాసుండాది గదమ్మా," అంది సొన్నమ్మ.

"ముందు పక్క పెద్ద అక్షరాలు చదివారు. ఇంటికి పోయి పక్కనున్న చిన్న అక్షరాలు చదవండి. ముందు పక్క వాళ్ళు చెప్పాలనుకున్నది, పక్కన చెప్పక తప్పనిది."

దారంతా అనిత రెండడుగులు ముందే నడిచింది. ఇంటికొచ్చాక స్కర్టు చేతిలోకి తీసుకుని లోపలి పక్క చూస్తూ గడపలోనే కూర్చుండిపోయింది.

"అత్తా, రోజుకు నాలుగు నూర్ల షర్టులు తిరగేసి చూస్తాను. ఎవరో తెలీని దొరలు తొడుక్కునే షర్టులు. దారం పోగు వేలాడితే పట్టుకుంటాను. నా బిడ్డ స్కర్టు ఒక్కటి తిరగేసి చూసినానా?" తర్వాత గొంతు మారింది. "చూస్తే మాత్రం ఏముండాది! చూడకుండా చేసిందానివి నువ్వు. మామ కాలు నీ కండ్లారా చూసినావు కదా. చూసి కూడా ఎట్ల విప్పినావు అత్తా?"

సొన్నమ్మ పోయి అటక మీది డబ్బా ఒకటి దించి కోడలి ముందర పెట్టింది. 

గురుమూర్తి వచ్చేసరికి అనిత నలిగిన డబ్బా పక్కకు తిప్పి, చిన్న అక్షరాలు వేలితో చదువుతోంది. వంద గ్రాములకు ముప్పై ఆరు గ్రాములు చక్కెర. ఆమె చిన్న స్టీలు గ్లాసు తెచ్చి, పిల్ల తినే మూడు గిన్నెల గుండ్లకు సరిపడా చక్కెర చెంచాలతో పోసింది. ఎనిమిది చెంచాలు. దాని మీద అవ్వ చేతివి మూడు. గ్లాసు సగం తెల్లబడింది.

"ఇది నీ బిడ్డ పొద్దున తిండి," అంది మొగుడితో.

గురుమూర్తి గ్లాసు వైపు చూశాడు, అటక మీద పేర్చిన డబ్బాల వైపు చూశాడు. "గొప్పోళ్ళ పిల్లలు తినేదనే గదా తెచ్చినాను," అన్నాడు.  లేచి ఒక్కో డబ్బా దించాడు. సొన్నమ్మ ఖాళీ డబ్బాలను మాత్రం ఆపుకుంది, గుండీలకు, దారపు రీళ్ళకు పనికొస్తాయని. పని మనిషి బుద్ధి, కష్టంలో కూడా పోదు.

మర్నాటి నుంచి యుద్ధమే. రాగి రొట్టె చూసి పిల్ల పళ్ళెం తోసేసింది. "ఒక్క గిన్నె అవ్వా. ప్లీజ్. ఒక్క స్పూన్." గోరంత చాలన్న ఆ పాత గొంతే ఈ చిన్న గొంతులో సొన్నమ్మకు వినిపించింది. మొహం తిప్పుకోబోయింది. తిప్పుకోలేదు. ఈసారి మొహం ఎదుటే పెట్టి కూర్చుంది.

"మీ తాత కూడా ఇట్లే అడిగినాడు పాపా. అప్పటికే ఆలస్యమైపోయింది. నీకింకా కాలేదు. తిట్టు, ఏడ్చు, నా జుట్టు పీకు. నేను మాత్రం ఈడ్నే కూర్చుంటాను."

పిల్ల తిట్టింది కూడా. మూడు రోజులు అవ్వతో మాట్లాడలేదు. నాలుగో రోజు రొట్టెలో ఉల్లిపాయ, మునగాకు వేస్తే సగం తిని, "ఉప్పు తక్కువ," అంది. ఆ మాటకు సొన్నమ్మ ప్రాణం లేచొచ్చింది. ఆటో మానిపించి, బడికి అవ్వామనవరాళ్ళు నడిచిపోవడం మొదలుపెట్టారు. సొన్నమ్మ నడక గురించి చెప్పాలా? ప్రతి అంగడి ముందూ ఆగి అందరి యోగక్షేమాలూ విచారిస్తుంది. "బడికి లేటవుతుంది, రా అవ్వా!" అని చెయ్యి పట్టుకుని లాగుతూ పిల్లే పరుగు పెట్టేది. అట్లా నడక కాస్తా పరుగైంది.

భయం మాత్రం తగ్గలేదు. పొద్దున్నే జడ వేసేటప్పుడు ఆమె కళ్ళు ముందు మెడ మీదికే పోయేవి. నల్లచార అట్లాగే ఉంది. డాక్టరమ్మ నెలలు పడుతుందంది. నెల నెలా సూది, నెల నెలా ఒక అంకె. నూట పన్నెండు. మళ్ళీ నూట పదమూడు. ఆ ఒక్క అంకెకు సొన్నమ్మ రెండు పూటలు అన్నం ముట్టలేదు. మే నెలలో నూట ఎనిమిది. దాన్నీ నమ్మబుద్ధి కాలేదు.

జూన్లో కొత్త యూనిఫారం కుట్టలేదు. డాక్టరమ్మ చెప్పేదాకా పాతదే అని అనిత గట్టిగా అంది. జూలైలో ఒక ఆదివారం అర్పిత స్కర్టు పట్టుకుని మిషను దగ్గరికి వచ్చింది. మొహం ముడుచుకుపోయి ఉంది.

"అవ్వా, స్కర్ట్ పొట్టిగా అయిపోయింది. మిస్ తిట్టింది. మళ్ళీ లావైనానా?"

సొన్నమ్మ చెయ్యి అలవాటుగా బ్లేడు మీదికి పోయింది. ఆగింది. లోపలికి కేకేసింది, సందంతా వినబడేటట్టు.

"అనితా! ఇట్ల రా! టేపు నువ్వే పట్టు. నా చేతిని నేను నమ్మను."

అనిత తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఎదురింటి అరుగు మీద పిల్లమ్మ పూలు కట్టడం ఆపి మెడ సాచింది. గురుమూర్తి పేపరు దించాడు.

"చేతులెత్తు. ఊపిరి బిగబట్టొద్దు," అంది సొన్నమ్మ. పిల్లకు చెప్పిందో తనకు చెప్పుకుందో.

అనిత నడుము చుట్టూ టేపు తిప్పి, రెండుసార్లు చూసి అంకె చెప్పింది. ఫిబ్రవరిలో డాక్టరమ్మ కొలిచిన దానికన్నా ముప్పావంగుళం తక్కువ. సొన్నమ్మ నోటుబుక్కులో పిచ్చుక పేజీ తీసింది. ఏడాదిగా ఖాళీగా ఉన్న వరుసలో ఆ అంకె వేసింది.

"ఇప్పుడు పొడుగు."

అనిత వంగి టేపును మోకాలి దాకా జారవిడిచింది. నిరుటి కన్నా అంగుళమున్నర ఎక్కువ.

సొన్నమ్మ స్కర్టు తీసుకుని కింది అంచు పైకి తిప్పింది. మూడు వేళ్ళ మడత. ఏడాదిగా ఎవరూ ముట్టని దారం. ముందుగా పిల్ల మెడ వైపు ఒకసారి చూసుకుంది. నలుపు ఇంకా ఉంది. వచ్చే గురువారం మళ్ళీ సూది ఉంది. ఏం వస్తుందో దేవుడికెరుక.

"ఏమే సొన్నా, నడుమేనా విప్పేది?" అని పిల్లమ్మ అరుగు మీది నుంచే ఎగతాళిగా కేకేసింది.

"కాదే, కింద," అంది సొన్నమ్మ.

బ్లేడు మొన దారం కింద పెట్టి, పోగు తర్వాత పోగు, ఒక వేలి మడత విప్పింది.